కరవు సీమలో వెచ్చని దండెం

తువ్వాలు ఆరబెట్టుకోవడానికి ఓ పరికరం కావాలంటే అనంతపురంలో ఎవరైనా నవ్వుతారు. తడిగుడ్డ మిద్దె మీద పడేసి, కిందికి దిగి, కాఫీ తాగి మళ్లీ పైకెళ్లేసరికి అది అప్పడంలా పెళపెళలాడుతూ ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో అయితే కాఫీ తాగేంత సమయం కూడా అక్కర్లేదు. అలాంటి చోట స్నానాలగదిలో తువ్వాలును వేడిచేసే దండెం ఎందుకు? పైగా దాన్ని ఇంట్లోనే తయారుచేసుకోవడం ఎందుకు?

తెలియాలంటే డిసెంబరులోనో జనవరిలోనో తెల్లవారకముందే బెంగళూరు రోడ్డు పట్టుకుని దక్షిణంగా బయల్దేరాలి. అనంతపురం పట్టణం సముద్రమట్టానికి 335 మీటర్ల ఎత్తులో ఉంది. హిందూపురం చేరేసరికి ఆ ఎత్తు 621 మీటర్లవుతుంది. రాప్తాడు దాటాక ఎర్రనేలలు, రాళ్లగుట్టలు, మధ్యమధ్యలో చీనీ తోటలు. చెన్నేకొత్తపల్లి దగ్గర పడమటివైపు రామగిరి కొండలు. ఆ తర్వాత పెనుకొండ. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు హంపీ వదిలి వచ్చి తలదాచుకున్న కోట ఇదే. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజన జరిగాక పెనుకొండ, హిందూపురం, మడకశిర శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. చలికి మాత్రం ఆ సంగతి ఇంకా తెలిసినట్టు లేదు. మడకశిర, అగళి, అమరాపురం వైపు వెళ్తే చేతులు జేబుల్లోంచి బయటికి రావు.

ఈ ఊళ్లు కర్ణాటకను ఆనుకుని ఉంటాయి. ఒకే వాకిట్లో తెలుగూ కన్నడమూ కలిసి వినిపిస్తాయి. స్నానం చేసే చోటును ‘బచ్చలి’ అంటారు. పాత ఇళ్లలో ఆ బచ్చలిలోనే ఓ మూల మట్టితోనో రాళ్లతోనో కట్టిన పొయ్యి, అందులో మెడదాకా పూడ్చిన రాగి అండా. అవతలివాళ్లు దాన్నే ‘హండే’ అంటారు. పొయ్యిలో వేసేది దొరికిందల్లా... బుడ్డల పొట్టు, కందికట్టె, సర్కారు తుమ్మ కంప. ఇంట్లో అందరికంటే ముందు లేచిన మనిషి దాన్ని రాజేస్తే, చివరివాళ్ల స్నానం అయ్యేదాకా అండా చల్లారదు. ఆ ముందు లేచే మనిషి అమ్మో అవ్వో అయి ఉంటుందని వేరే చెప్పక్కర్లేదు.

ఆ పొయ్యికి కాస్త పైన, వాసాలకు తాళ్లతో కట్టిన వెదురు కర్ర ఒకటి ఉంటుంది. దాని మీద తాత పంచె, పిల్లల తువ్వాళ్లు. నీళ్లు కాగుతుంటే అవీ వెచ్చబడతాయి. ఒంటి మీద నీళ్లు పడ్డాక అసలు చలి మొదలవుతుంది కదా! సరిగ్గా అప్పుడు చేతికందేది ఆ వెచ్చని గుడ్డే. విదేశాల్లో గోడకు మెరిసే గొట్టాలు బిగించి, విడిగా పేరుపెట్టి అమ్మేది దీన్నే. ఇక్కడ దాన్ని వస్తువుగా ఎవరూ లెక్కపెట్టలేదు, దండెం అన్నారంతే.

బాలింత ఉన్న ఇంట్లో ఇంకో పద్ధతీ ఉండేది. కుంపట్లో నిప్పులు పోసి, దాని మీద వెదురుబుట్ట బోర్లించి, పసిబిడ్డ గుడ్డలు పరిచేవారు. కాస్త సాంబ్రాణి పడితే వాసన కూడా. ఇందులో ఓ ప్రమాదం ఉంది. తలుపులు మూసిన గదిలో నిప్పుల కుంపటి పెడితే వాసనా రంగూ లేని కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. ప్రాణాలు తీస్తుంది. పాత ఇళ్లలో పెంకుల సందుల్లోంచి గాలి ఆడేది. ఇప్పటి స్లాబు ఇళ్లలో, అద్దాల కిటికీలు బిగించిన గదుల్లో ఆ పని చెయ్యకూడదు.

గాలి చేసే పని

తువ్వాలు ఆరడం వేరు, వెచ్చబడడం వేరు. ఆ తేడా ఈ జిల్లాలో తెలిసినంత బాగా ఇంకెక్కడా తెలియదేమో. మామూలు తువ్వాలు ఒళ్లు తుడుచుకున్నాక పావులీటరు నీళ్లు పట్టి ఉందనుకుందాం. ఆ నీళ్లు ఆవిరైపోవడానికి కావాల్సిన వేడి, బకెట్టు చల్లనీళ్లను స్నానానికి సరిపడా కాచడానికి పట్టే వేడిలో సగానికి పైనే. ఇంగ్లండ్ లాంటి చెమ్మ దేశాల్లో ఆ వేడినంతా గోడ గొట్టాలకు డబ్బు పోసి ఇవ్వాల్సిందే, లేకపోతే తువ్వాలు ముక్కవాసన కొడుతుంది. అనంతపురంలో ఆ పని గాలి ఊరికే చేసిపెడుతుంది.

ఊరికే అనడానికీ లేదు. ఆ గాలి ఎలాంటిదో ఇక్కడి రైతునడిగితే తెలుస్తుంది. నైరుతి రుతుపవనాలు పడమటి కనుమల మీద వానంతా కురిపించేసి, చేతులు దులుపుకుని ఇటు వస్తాయి. ఈశాన్య రుతుపవనాలకేమో తూర్పు తీరం నుంచి ఇంత దూరం వచ్చేసరికి ఓపిక ఉండదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. దేశంలో తక్కువ వాన పడే జిల్లాల్లో ఇదీ ఒకటని బడిపిల్లలు కూడా అప్పజెబుతారు. జూన్, జులై నెలల్లో విత్తనం వేసి ఆకాశం వైపు చూస్తుంటే మబ్బులు పరుగెత్తుతూ పోతాయి తప్ప నిలబడవు. మబ్బుల్ని తరిమే ఆ గాలే 1990ల నుంచి రామగిరి కొండల మీద గాలిమరలు తిప్పుతోంది. మిద్దె మీది తువ్వాలు ఆరబెడుతున్నదీ అదే. చేనుకు ద్రోహం, దండేనికి సాయం!

చలికాలం పొద్దున మాత్రం ఆ సాయం అందదు. తువ్వాలు ఎముకలా ఆరిపోయి ఉంటుంది, మంచులా చల్లగానూ ఉంటుంది.

అండా పోయింది, పైపు వచ్చింది

ఉమ్మడి జిల్లాలో ఒకప్పుడు ఏడు లక్షల హెక్టార్లకు పైగా వేరుశనగే. పొట్టుకు కొదవ ఉండేది కాదు. వరస కరవులతో సాగు తగ్గింది. మిల్లుల దగ్గర మిగిలే పొట్టు కూడా ఇటుకల్లా అచ్చువేసి బాయిలర్లకు పోతోంది. కంప కొట్టుకొచ్చే ఓపికా ఎవరికీ లేదు. బెంగళూరు దగ్గర కావడంతో అక్కడి సోలార్ హీటర్లు ఇటూ వచ్చాయి. హిందూపురం వీధుల్లో ఏ మిద్దె మీదికి చూసినా ఓ గుండ్రటి ట్యాంకు, దాని కింద నల్లని గొట్టాలు. ఇన్ని ఎండల ఊరికి ఇంతకంటే సరైన వస్తువు లేదు. పొగ పోయింది, కళ్ల మంటలు పోయాయి. దాంతోపాటు బచ్చలిలోని వెచ్చదనమూ, పొయ్యి మీది దండెమూ పోయాయి.

దాన్ని మళ్లీ తెచ్చుకోవడం పెద్ద విద్యేం కాదు. మిద్దె మీది నుంచి వేడినీళ్లు తెచ్చే పైపును నేరుగా కుళాయికి కలపకుండా, స్నానాలగది గోడ మీద పాములా నాలుగు మెలికలు తిప్పి కలిపితే చాలు. అరంగుళం జీఐ పైపు, ఒక్కో వరస రెండడుగులు, వంపులన్నీ కలిపి నాలుగు మీటర్లు. ఇల్లు కట్టేటప్పుడే చెబితే ప్లంబరే చేసిపెడతాడు. గోడకూ పైపుకూ మధ్య మూడు నాలుగు వేళ్లు పట్టే సందు వదలాలి. పిల్లల చేతికి అందనంత ఎత్తున పెట్టాలి, ఎందుకంటే సోలార్ నీళ్లు అరవై డిగ్రీలదాకా వస్తాయి. రెండు కొసల్లో యూనియన్లు వేయించడం మరవకూడదు. ఇక్కడి బోరునీళ్లలోని ఉప్పు పైపులో సున్నంలా పేరుకుంటుంది, రెండు మూడేళ్లకోసారి విప్పి శుభ్రం చేయక తప్పదు.

కొందరు ట్యాంకు పైన ఉంది కదా, పైపు రోజంతా వేడిగా ఉంటుందనుకుంటారు. ఉండదు. వేడినీళ్లు తేలిక, పైకే పోతాయి. ట్యాంకు మిద్దె మీద, గది కింద. కుళాయి తిప్పితేనే నీళ్లు దిగుతాయి, అప్పుడే దండెం వేడెక్కుతుంది. కాబట్టి ముందు తువ్వాలు దండెం మీద వేసి, తర్వాత బకెట్టు నింపుకోవాలి. స్నానం ముగిసేసరికి ఆ వేడి గుడ్డకు ఎక్కి ఉంటుంది. తడి తువ్వాలు ఆరబెట్టడానికి అది చాలదు, ఆరిన తువ్వాలును వెచ్చబెట్టడానికి మాత్రం ధారాళం. ఆరబెట్టడానికి గాలి ఎలాగూ ఉంది!

హీటరు తీగలతో, బల్బులతో సొంతంగా కరెంటు దండెం చేద్దామనుకునేవాళ్లూ ఉంటారు. తడి చేతులు, తడి నేల, తడి గుడ్డ ఉన్నచోట ఆ ప్రయోగాలు వద్దు. కొన్నదైనా సరే, ఎర్తింగు, లీకేజీ కనబడగానే కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ లేకుండా బిగించకూడదు.

నీళ్ల దండెం విషయంలో అసలు లెక్క వేరే ఉంది. అరంగుళం పైపులో మీటరుకు దాదాపు 200 మిల్లీలీటర్ల నీళ్లు నిలుస్తాయి. మిద్దె నుంచి బచ్చలిదాకా పది మీటర్లు, దండెం నాలుగు మీటర్లు. అంటే కుళాయి తిప్పిన ప్రతిసారీ వేడినీళ్లు రావడానికి ముందు దగ్గర దగ్గర మూడు లీటర్ల చల్లనీళ్లు కారిపోతాయి. ఇంట్లో నలుగురూ నాలుగు వేళల్లో స్నానం చేస్తే 11 లీటర్లు, ముప్పాతిక బిందె! ఐదారు వందల అడుగుల బోరు వేసినా తేమ తగలని ఊళ్లలో, ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టిన వీధుల్లో అది చిన్న లెక్క కాదు. ఒంటికి వెచ్చదనం కోసం అన్ని నీళ్లు కాలవలో వదిలే దండెం కంటే చల్లని తువ్వాలే నయం.

అందుకే పైపు తిప్పడానికి ముందే కుళాయి కింద ఇంకో చిన్న బకెట్టుకు చోటు చూసుకోవాలి. మొదటి మూడు లీటర్లూ అందులోకి. అరవై డిగ్రీల నీళ్లు ఎవరూ నేరుగా పోసుకోరు, చన్నీళ్లు కలపాల్సిందే కాబట్టి సగం అక్కడే ఖర్చవుతాయి. నలుగురూ ఒకరి వెంట ఒకరు వెళ్తే పైపు చల్లారే లోపే తర్వాతి బకెట్టు నిండుతుంది, అప్పుడు వదిలే నీళ్లు ఇంకా తగ్గుతాయి. అండా ఉన్న రోజుల్లోనూ అంతే... పొయ్యి ఆరకముందే అందరూ రావాలని అవ్వ కేకలేసేది. చిన్న బకెట్టులో ఇంకా మిగిలితే పెరట్లో కరివేపాకు చెట్టు ఎలాగూ ఉంటుంది.