చిరునామా మారితే పేరు మార్చాలా?

"నువ్వు చేసే పనేంటి?" అని అడిగినవాళ్లకు ఇరవై ఏళ్లుగా నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. అప్లికేషన్ సర్వర్‌కూ డేటాబేస్‌కూ మధ్య లంకె కుదర్చడం నా పని. మన కథల్లో కంప్యూటర్ ముందు కూర్చున్న స్త్రీ చాలాసార్లే వచ్చింది. ఆమె అలసట రాశాం, రాత్రి షిఫ్టులు రాశాం. తెరమీద ఆమె ఏం చేస్తోందో మాత్రం రాయలేదు. కొంచెం ఓపిక పడితే చెప్తాను.

ఒక సంస్థలో వందలాది ప్రోగ్రాములుంటాయి. జీతాలు లెక్కగట్టేదొకటి, రసీదులిచ్చేదొకటి. వాటికి కావలసిన వివరాలన్నీ వేరే యంత్రంలో, డేటాబేస్‌లో ఉంటాయి. ఆ యంత్రం పేరు, పోర్టు నంబరు (ఒరాకిల్ అయితే మామూలుగా 1521), యూజర్ పేరు, పాస్‌వర్డ్ ప్రతి ప్రోగ్రాములోనూ రాసుకుంటూ పోవచ్చు. రేపు డేటాబేస్ ఇంకో యంత్రంలోకి మారిందంటే వందచోట్ల దిద్దాలి. ఒక్కచోట మరిచిపోతే అక్కడ పని ఆగిపోతుంది. అందుకని సర్వర్‌లో డేటా సోర్స్ అనే అమరిక ఒకటి పెట్టి, దానికో చిన్న పేరు ఇస్తాం. జేఎన్‌డీఐ పేరు అంటారు. ప్రోగ్రాముకు తెలిసేది ఆ పేరొక్కటే. అసలు చిరునామా, పాస్‌వర్డ్ సర్వర్ దగ్గరుంటాయి. చిరునామా ఎన్నిసార్లు మారినా పేరు మారదు.

లంకెలను కూడా సర్వర్ కొన్ని ముందే తెరిచి దగ్గర పెట్టుకుంటుంది. దాన్ని కనెక్షన్ పూల్ అంటాం. వెబ్‌లాజిక్‌లో మనమేమీ చెప్పకపోతే గరిష్ఠం 15. పదహారోది అడిగినవాళ్లు ఎవరో ఒకరు వదిలేదాకా నిలబడాలి. మా దేవరకొండ వైపు బోరింగు దగ్గర బిందెల వరుస చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. లంకె బతికుందా లేదా అని సర్వర్ మధ్యమధ్య పలకరిస్తుంది. ఒరాకిల్‌లో అందుకు డ్యుయల్ అనే పట్టికను వాడుకుంటాం. ఒకటే వరుస, ఒకటే గడి, అందులో ఎక్స్ అనే అక్షరం. ఆ గడి పేరు డమ్మీ! పిలిస్తే పలకడం తప్ప దానికి వేరే పని లేదు. ఏ అవసరం లేకపోయినా ఇల్లంతా "అమ్మా" అని పిలుస్తూ తిరగడం దీన్ని చూసినప్పుడల్లా గుర్తొచ్చేది.

ఒకసారి మేం పనిచేస్తున్న డేటాబేస్ పాత యంత్రం నుంచి కొత్తదానికి మారింది. శనివారం రాత్రి డేటా సోర్స్‌లో చిరునామా ఉన్న ఒక్క వరుస మార్చి, పరీక్ష మీట నొక్కి చూసుకుని ఇంటికొచ్చాను. సోమవారం పొద్దున ఏం మారిందో ఎవరికీ తెలియలేదు. ఈ పని బాగా జరిగిందనడానికి అదే గుర్తు.

అమ్మ విషయంలో ఇదంతా తలకిందులుగా జరిగింది. ఆమె పుట్టింది పాత మహబూబ్‌నగర్ జిల్లాలో, కల్వకుర్తి దగ్గర. పదిహేనేళ్లకు పెండ్లి చేసి డిండి వాగు దాటించి నల్లగొండ జిల్లాకు పంపారు. మారింది ఉండే చోటు. దానికోసం పేరు మార్చారు. పుట్టింటి ఇంటిపేరు తీసి అత్తింటిది తగిలించారు. ఆ ఇంట్లో అప్పటికే అదే పేరుతో తోటికోడలు ఉన్నందున పిలిచే పేరు కూడా మార్చారు. నాన్నకు ఇంటిపేరు గానీ, పేరు గానీ, ఊరు గానీ చివరిదాకా మారలేదు.

2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం మొదలైంది. మొదటి 200 జిల్లాల్లో, వలసలకు పేరుపడ్డ పాలమూరుతోబాటు మా నల్లగొండ కూడా ఉంది. కూలీల మస్టర్లు మండలాల్లో కంప్యూటర్లకెక్కాయి. ఉమ్మడి రాష్ట్రంలో ఆ పనిదినాల్లో సగానికి పైగా ఆడవాళ్లవే. అమ్మ పేరు ఒక డేటాబేస్‌లో చేరడం అదే మొదటిసారి. కుటుంబానికొక్క కార్డు కదా, వివరాలన్నీ నాన్నే చెప్పాడు. అత్తింటి ఇంటిపేరు, అత్తింట్లో పిలిచే పేరు రాయించాడు. తర్వాత ఒక బ్యాంకులో ఖాతా తెరిచినప్పుడు అక్కడి గుమాస్తా పేరు చివరి 'అమ్మ' మోటుగా ఉందని తీసేశాడు. ఆధార్ దిగేనాటికి చేతిలో ఉన్న పాత కాగితంలో పుట్టింటి పేరుంటే అదే ఎక్కింది. ముగ్గురు ఆడవాళ్లయ్యారు, గడ్డపార పట్టింది ఒక్కతే.

2024 జనవరి 1 నుంచి ఈ కూలి ఆధార్ ఆధారంగానే చెల్లించాలన్నారు. పన్నెండంకెల నంబరు ఉన్నా చాలదు, పేరు కూడా కలవాలి. అమ్మకు కొన్ని వారాల కూలి ఆగిపోయింది. సెలవు పెట్టి నేనే తీసుకెళ్లాను. కౌంటర్లో ఉన్న అమ్మాయికి ఇరవై రెండేళ్లుంటాయేమో. తెర నా వైపు తిప్పి, "పేర్లు కలుస్తలేవు మేడం" అంది. మెడలో కొత్త పుస్తెలతాడు. ఆమె గుర్తింపు కార్డు మీద ఉన్నదీ, అక్కడే పడున్న పెండ్లి కార్డు మీద అచ్చయిన ఇంటిపేరూ వేర్వేరు. నేను చూస్తున్నానని గమనించి, "ఇంకా మార్పియ్యలే" అని సంజాయిషీ ఇచ్చుకుంది. నేనేమీ అడగలేదు.

"పేర్లు వాళ్లు పెట్టిండ్రు, తిప్పలు నేను పడాల్నా బిడ్డా?" అంది అమ్మ.

పెండ్లయిన స్త్రీ ఇంటిపేరు మార్చుకోవాలని మన దేశంలో ఏ చట్టమూ చెప్పదు. కానీ దరఖాస్తుల్లో "తండ్రి/భర్త పేరు" అనే గడి ఉంది. ఆ అడ్డగీతకు ఇవతల ఉండాల్సిన మగవాడు ఎప్పటికీ ఇవతలే ఉంటాడు. ఆడదాన్ని ఒకనాడు అటువైపు జరుపుతారు. మారే విలువను గుర్తింపుగా వాడొద్దని డేటాబేస్ పాఠాల్లో మొదటి వారాల్లోనే చెప్తారు. పట్టికలు గీసేవాళ్లకు ఇది తెలియక కాదు. పెండ్లితో పేరు మారడాన్ని వాళ్లు మార్పుగానే లెక్కపెట్టలేదు, సహజం అనుకున్నారు. సాంకేతికత మగవాళ్లదని మనం పక్కకు తప్పుకోవడం నాకు నచ్చదు. ఆ గడి ఎవరు పెట్టారు, ఎందుకుంచారు అని పట్టిక ముందేసుకుని అడగాలి. పితృస్వామ్యం అనే పెద్దమాట అక్కడ ఒక చిన్న అడ్డగీతగా దొరుకుతుంది.

నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించాం. అందులో అమ్మ పేర్ల మధ్య "అలియాస్" అన్న మాట చేరింది, పోలీసు రికార్డుల్లో దొంగలకు రాసినట్టు. వేలిముద్ర వేసేముందు చదివి వినిపించమంది. విని, "ఇందులో మా అయ్య పెట్టిన పేరేది?" అని అడిగి, అదెక్కడుందో వేలితో చూపించుకుంది. కూలి నాలుగో నెలలో పడింది.

2016 అక్టోబరు 11న జిల్లాలు విడగొట్టినప్పుడు కల్వకుర్తి నాగర్‌కర్నూల్ జిల్లాలోకి పోయింది. రికార్డులన్నీ ప్రభుత్వమే సరిచేసుకుంది. కల్వకుర్తిని అఫిడవిట్ తెమ్మని ఎవరూ అడగలేదు.

పోయినేడు మా అక్క బిడ్డ పెండ్లయి మిర్యాలగూడ పోయింది. ఆధార్‌లో చిరునామా ఒక్కటే మార్చుకుంది. అక్క కొంచెం గునిసింది, వియ్యాలవారు ఏమనుకుంటారోనని. అమ్మ మాత్రం ఆ కార్డు అడిగి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, "గిట్ల గూడ ఉంచుకోవచ్చా?" అని అడిగింది.