ఉద్దెర పుస్తకానికి పూచీ ఎవరు?



వ్యాపారానికి నమ్మకమే పెట్టుబడి అని కామర్స్ పుస్తకాలు చెప్తాయి. ఎవరి మాట నమ్ముతారు, ఎవరిది నమ్మరు అన్నది మాత్రం రాయవు. కొలంబియాలో, లండన్‌లో అర్థశాస్త్రం చదివి 1917లో తిరిగొచ్చిన అంబేడ్కర్, ముంబైలో పెట్టుబడుల సలహా వ్యాపారం పెట్టారు. అంటరాని కులమని తెలిశాక గిరాకీ రావడం మానేసింది. రూపాయి గురించి ఆయనకంటే తెలిసినవాళ్లు ఆ నగరంలో ఎందరుండేవారు?

మా చిన్నాయన మంచిర్యాలలో బండి మీద సంత్రాలు అమ్ముతాడు. ఇక్కడి వ్యాపారులు ఆయనకు ఉద్దెర ఇవ్వరు, నగదు పెట్టమంటారు. ఉద్దెర ఇచ్చేది రాష్ట్రం అవతల, బల్లార్షాలో ఉండే ఒక బౌద్ధుడు. 1956 అక్టోబర్ 16న బాబాసాహెబ్ బౌద్ధ దీక్ష ఇచ్చిన చంద్రపూర్ దీక్షాభూమి దగ్గర కలిశారిద్దరూ. ఒక నోటు పుస్తకం, ఒక ఫోన్ నంబరు. అదే వాళ్ల అగ్రిమెంటు.

2020 మార్చి 22తో ప్యాసింజర్ రైళ్లు ఆగాయి. 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. అప్పటికే దిగిన సరుకు సగం కుళ్లిపోయింది. సరుకు దిగాక నష్టం కొన్నవాడిదే అన్నది బజారు రివాజు. చిన్నాయన ఎవరూ అడగకముందే రోజూ పాడైన పండ్ల ఫోటోలు పంపాడు.

"భావూ, సగం ఖరాబైనయ్. ఇప్పుడైతే చేతుల పైసలు లెవ్వు."

"అమ్మినకాడికే ఇయ్యి. అది గూడ బండి మళ్ల నడిచినంకనే."

దసరా నాటికి ఆ బాకీ తీరింది.

దీన్ని మంచితనం కథగా చదివి వదిలేయకండి. ఆ సగం నష్టం గాలికి పోలేదు. అవతలి ఇంట్లో పుస్తె కుదువకు పోయింది. మార్చి 27న రిజర్వ్ బ్యాంకు అప్పుల వాయిదాలకు మూడు నెలల గడువుకు అనుమతించింది, బ్యాంకు అప్పు ఉన్నవాళ్లకు. తర్వాత వచ్చిన అత్యవసర రుణ గ్యారంటీ కూడా ఫిబ్రవరి 29 నాటికి బ్యాంకు బాకీ ఉన్నవాళ్లకే. నోటు పుస్తకంలో బాకీ ఉన్న చిన్నాయనకు గడువిచ్చింది బల్లార్షా మనిషి. ఆ మనిషికి గడువిచ్చినవాళ్లు ఎవరూ లేరు.

పెద్ద వ్యాపారి మాట వెనక బ్యాంకు ఉంటుంది, కులం ఉంటుంది, భూమి ఉంటుంది. మనవాళ్ల మాట వెనక మళ్లీ మనవాళ్ల మెడలోని పుస్తే ఉంటుంది. అందుకే మన నమ్మకాన్ని పొగిడితే సరిపోదు. ఏళ్ల తరబడి తప్పకుండా తీర్చిన ఉద్దెరను బ్యాంకులు పరపతిగా లెక్కగట్టాలని అడగాలి.

విద్యార్థులకు ఒక పని. మీ ఇంట్లో ఉద్దెర పుస్తకం ఉంటే 2020 పేజీలు తెరవండి. ఎవరు ఎవరికోసం ఎన్నాళ్లు ఆగారో రాసిపెట్టండి. ఏ గెజిట్‌లోనూ లేని మన ఆర్థిక చరిత్ర అది.

జై భీమ్.