కరకట్ట దారిలో

ప్రయాణంలో తొందర ఉన్నవారికి మైలురాళ్ళే కనిపిస్తాయి. తీరిక ఉన్నవారికి మనుషులు కూడా కనిపిస్తారు. అనంతపురానికి చెందిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, విజయవాడలో స్థిరపడిన తన సహాధ్యాయితో కలిసి ఒక శ్రావణమాసంలో సాగించిన ప్రయాణం అటువంటిది. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజి వద్ద స్కూటరుపై బయలుదేరి, కృష్ణానది ఎడమగట్టు కరకట్ట వెంబడి సాగి, నది సముద్రంలో కలిసే హంసలదీవిని చేరడం వారి సంకల్పం.

యనమలకుదురు దాటిన తరువాత అరటి, పసుపు, చెరకు తోటలు కనువిందు చేశాయి. టీ కోసం ఆగిన ప్రతిచోటా ఒకే ప్రశ్న ఎదురయింది: "ఏ ఊరండీ? ఎవరి తాలూకు?"

"మీవాళ్ళు మంచినీళ్ళకన్నా ముందు చిరునామా అడుగుతారేమప్పా! మా సీమలో గడప తొక్కినవానికి ముందు చెంబుతో నీళ్ళిచ్చి, తరువాతే ఊరడుగుతారు" అన్నాడు అనంతపురం మిత్రుడు.

"మీకు నీళ్ళు అరుదు కనుక అవి ఇవ్వడమే గౌరవం. ఇంటి ముందు కాలువ పారే ఊళ్ళలో నీళ్ళదేముంది? వచ్చినవారెవరో కనుక్కోవడమే ఇక్కడి మర్యాదోయ్" అని విజయవాడ మిత్రుడు నవ్వాడు.

ఆ సమాధానంలో కొంత సత్యం ఉంది. నేలను బట్టి పంట మారినట్లే, ఆదరించే తీరూ మారుతుంది. అయితే ఆ ప్రశ్న అందరికీ ఒకే విధంగా వినిపించదు. ఒకరికి అది ఆప్యాయత. మరొకరికి తన కులాన్ని ఆరా తీసే కొలబద్ద.

మధ్యాహ్నానికి వారు శ్రీకాకుళం చేరారు. కళింగ దండయాత్ర సందర్భంలో శ్రీకృష్ణదేవరాయలు ఇక్కడి ఆంధ్రమహావిష్ణువును సేవించాడని, స్వామి కలలో కనిపించి తెలుగులో కావ్యం రచించమన్నాడని ఆముక్తమాల్యద అవతారిక చెబుతున్నది. ఆ కావ్యంలో విష్ణుచిత్తుడు ఏ ఋతువుకు తగిన భోజనం ఆ ఋతువులో అతిథులకు పెడతాడు. రాజధానికి దూరంగా, తానే ఒక బాటసారిగా ఉన్న రాజుకు తోచిన కావ్యంలో ఆతిథ్యానికి అంత చోటు దక్కడం మిత్రులకు సముచితంగా తోచింది.

మోపిదేవి, అవనిగడ్డ దాటి కోడూరు వైపు వెళుతుండగా జోరువాన అందుకుంది. దారిపక్కనున్న ఒక ఇంటి వసారాలోకి పరుగెత్తారు. డెబ్బయ్యేళ్ళ వృద్ధురాలు మారుమాట లేకుండా చాప పరిచి, తుడుచుకోవడానికి తువ్వాలు ఇచ్చి, వేడి అన్నం వడ్డించింది.

"మేమెవరమో అడగలేదేమమ్మా?" అన్నాడు అనంతపురం ఉపాధ్యాయుడు.

"ఉప్పెనలో మావాళ్ళంతా పోయారు నాయనా. మిగిలినవాళ్ళకి ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి అన్నం పెట్టారు. వాళ్ళు మమ్మల్ని ఏమీ అడగలేదు. అప్పటినుంచి నేనూ అడగడం మానేశాను."

1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెన వేలాది ప్రాణాలను బలిగొన్నది. ఆ మాట విన్న తరువాత మిత్రులిద్దరికీ సీమ మర్యాద, కోస్తా మర్యాద అనే వాదన కొనసాగించాలనిపించలేదు. స్నేహశీలానికి నేల ఒక కారణం కావచ్చు. అనుభవించిన దుఃఖం, అందుకున్న సహాయం అంతకన్నా బలమైన కారణాలు.

తిరుగు ప్రయాణంలో టీ కొట్టు యజమాని యథాప్రకారం "ఏ ఊరండీ?" అన్నాడు. అనంతపురం ఉపాధ్యాయుడు ఈసారి విసుక్కోలేదు. తన ఊరు చెప్పి, అక్కడి నీటి ఎద్దడి గురించీ చెప్పాడు. కొట్టు యజమాని టీతోపాటు మంచినీళ్ళ గ్లాసు కూడా అతని ముందు పెట్టాడు.