ఎరోస్ వయసెంత?

ఫిబ్రవరి 3
గ్రీకు కవి హెసియడ్ ‘థియోగొనీ’ తీశాను. క్రీస్తుకు పూర్వం 700 ప్రాంతపు కావ్యం. మొదట ఖావోస్, తర్వాత భూమాత గైయా, పాతాళం టార్టరస్, ఆ వెంటనే ప్రేమదేవుడు ఎరోస్. దేవతల రాజు జ్యూస్ ఇంకా పుట్టనే లేదు! ఎరోస్‌కి అమ్మానాన్నల ఊసు లేదు, విల్లంబుల మాటా లేదు. దేవుళ్లలోకెల్లా అందగాడట. అతని ధాటికి దేవుడికైనా మనిషికైనా కాళ్లూ చేతులూ పట్టు తప్పుతాయి, బుద్ధి వశం తప్పుతుంది. ఇంత పాత దేవుణ్ణి అందాల దేవత ఆఫ్రొడైటీ చంకన పిల్లాణ్ణి చేసింది తర్వాతి కవులే.

ఫిబ్రవరి 5
గ్రీసులోని బియోషియాలో థెస్పియే అనే ఊరికి ఇలవేల్పు ఎరోసే. అక్కడి అతి పాత మూర్తి ఉలి తగలని రాయి అని 2వ శతాబ్దపు యాత్రికుడు పౌసానియస్ రాశాడు. తర్వాత ప్రాక్సిటెలిస్ చెక్కిన పాలరాతి ఎరోస్ వచ్చి చేరాడు. ఎలా వచ్చాడన్నదే కథ. ప్రేయసి ఫ్రైనీని తన శిల్పాల్లో మేలైనది తీసుకోమన్నాడు శిల్పి. ఏది మేలైనదో మాత్రం నోరు విప్పడు. ఆమె తన బానిస చేత, కార్ఖానా అంటుకుందని కబురు చెప్పించింది. సాటిర్, ఎరోస్ శిల్పాలు కాలిపోతే నా కష్టమంతా పోయినట్టేనంటూ అతను గుమ్మం వైపు పరుగు తీశాడు. ఆమెకు కావలసిన జవాబు దొరికింది. ఎరోస్‌ని అడిగి పుచ్చుకుని, పుట్టిన ఊరు థెస్పియేకి ఇచ్చేసింది.

రోమన్ చక్రవర్తి కలిగులా ఆ శిల్పాన్ని రోమ్‌కి ఎత్తుకుపోయాడు. తర్వాతి చక్రవర్తి క్లాడియస్ తిప్పి పంపాడు. నీరో మళ్లీ పట్టుకుపోయాడు. చివరికి రోమ్‌లో నిజం మంటల్లోనే కాలిపోయింది.

ఫిబ్రవరి 9
న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలోని కంచు ఎరోస్ ఫొటో. క్రీస్తుకు పూర్వం 3-2 శతాబ్దాల పని అంటారు. బొద్దు కాళ్లు, గుండె మీదుగా ఏటవాలుగా అమ్ములపొది పట్టీ, ఒంటికి అడ్డంగా వాలిపోయిన చెయ్యి. ఒళ్లెరగని నిద్ర. వీణ్ణి పడుకోబెట్టాలని తోచిన శిల్పి ఎవరో గాని గడుసువాడు.

ఫిబ్రవరి 12
2001లో ఇదే రోజున నాసా వారి నియర్ షూమేకర్ నౌక ఎరోస్ మీద దిగింది. ఎరోస్ అంటే 1898లో కనిపెట్టిన గ్రహశకలం. దాని మీద పెద్ద గుంట ఒకదానికి ఎరోస్ ప్రేయసి సైకీ పేరు పెట్టారు. ఖగోళ శాస్త్రవేత్తలకూ సరసం తెలుసు.

ఫిబ్రవరి 14
షాపు నిండా గులాబీ రంగు కార్డులు, వాటి మీద రెక్కల బొద్దు పిల్లాడు. ఇంటికొచ్చి ప్లేటో ‘సింపోజియం’ తిరగేశాను. విందులో ఫీడ్రస్ ఎరోస్‌ని అందరికన్నా పెద్దవాడంటాడు. అగథాన్ అందరికన్నా చిన్నవాడంటాడు. సోక్రటీస్ మాత్రం డియోటిమా అనే ఆవిడ తనకు చెప్పిన మాట బయటపెడతాడు. ఎరోస్ అసలు దేవుడే కాదట, దేవుళ్లకీ మనుషులకీ నడుమ తిరిగేవాడట. తల్లి పెనియా, అంటే లేమి. ఆఫ్రొడైటీ పుట్టిన రోజు విందుకు అడుక్కోవడానికి వచ్చింది. తండ్రి పోరోస్ ఉపాయశాలి. ఆ రోజు తాగి తోటలో పడి ఉన్నాడు. వాళ్ల కొడుకు కాళ్లకు చెప్పుల్లేవు, ఇల్లు లేదు, పడక వీధి గుమ్మాల దగ్గర. ఎత్తుగడలు మాత్రం తండ్రివే. సంపాదించిందేదీ చేతిలో నిలవదు.

కార్డుల వాళ్లకు ఇతను పనికిరాడు. నా ఓటు మాత్రం ఇతనికే.