వంటింటికి వచ్చిన బ్యాండు

బ్యాండు అనగానే తెలుగువారికి పెళ్ళి ఊరేగింపు కళ్ళ ముందు మెదులుతుంది. ఇంగ్లండులో 1930లలో బాల్యం గడిపినవారికి మాత్రం ఆ మాట వినగానే గుర్తుకు వచ్చేది వీధి కాదు, వంటిల్లు. గోడ వారగా బల్ల మీద ఒక రేడియో పెట్టె, దాని పక్కనే ఆమ్లం నింపిన గాజు బ్యాటరీ. కరెంటు రాని ఇళ్ళలో రేడియో దానితోనే పలికేది. వారానికొకసారి ఆ బ్యాటరీని దుకాణానికి మోసుకుపోయి ఛార్జి చేయించుకు రావడం పిల్లల పని. ఆమ్లం ఒలికితే బట్టలు చిల్లులు పడతాయి. అందుకని చేతిని ఒంటికి దూరంగా పెట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ నడిచేవారు. శనివారం రాత్రి పాట మధ్యలో బ్యాటరీ నీరసించిందంటే ఆ నేరం దుకాణానికి వెళ్ళి వచ్చినవాడిదే!

ఆ పెట్టెలోంచి వచ్చే సంగీతం నిజానికి వారి కోసం పుట్టినది కాదు. లండనులోని సవాయ్ వంటి పెద్ద హోటళ్ళలో ధనవంతులు విందు చేసుకుని, జంటలుగా నృత్యం చేస్తూ ఉంటే వాయించడానికి ఏర్పడిన బ్యాండ్లవి. శాక్సఫోన్లు, ట్రంపెట్లు, పియానో, డ్రమ్ములు వాటిలో ముఖ్య వాద్యాలు. 1922 నవంబరులో బి.బి.సి. ప్రసారాలు మొదలయ్యాయి. ఆ మరుసటి ఏడాది నుండే సవాయ్ నాట్యశాలలో మైకు పెట్టి, ఆ సంగీతాన్ని అక్కడి నుండి నేరుగా వినిపించసాగారు. సవాయ్ గుమ్మం ఎన్నడూ తొక్కని గని కార్మికులు, మిల్లులో పనిచేసే ఆడపిల్లలు ఇంట్లో కూర్చుని దానిని విన్నారు. పాట వెనుక నృత్యం చేసేవారి అడుగుల చప్పుడు, మాటల కలకలం లీలగా వినిపించేవి. పాటకన్నా అదే వారిని ఎక్కువగా ఆకర్షించిందేమో!

1932లో బి.బి.సి. సొంత నృత్య వాద్యబృందానికి హెన్రీ హాల్ నాయకుడయ్యాడు. కళ్ళజోడు పెట్టుకుని, మెల్లగా మాట్లాడే మనిషి. ఆర్భాటం బొత్తిగా లేదు. ‘మాట్లాడుతున్నది హెన్రీ హాల్’ అని ఆయన అనగానే ఇంటిల్లిపాదీ పని ఆపేవారు. అదే సంవత్సరం ఆయన బృందం ఎలుగుబంటి బొమ్మల వనభోజనం గురించిన పిల్లల పాటను రికార్డు చేసింది. ఆ రికార్డులో మంద్రం నుండి తారం వరకు అన్ని ధ్వనులూ స్పష్టంగా పలికేవి. అందుచేత బి.బి.సి. ఇంజనీర్లు చాలా ఏళ్ళపాటు తమ యంత్రాలను పరీక్షించడానికి దానినే వాడుకున్నారు.

ఆదివారాల సంగతి వేరు. బి.బి.సి. అధిపతి జాన్ రీత్ నియమనిష్ఠలు గల వ్యక్తి. ఆ రోజు ప్రార్థనలు, ప్రసంగాలు, గంభీరమైన సంగీతమే వినిపించాలని ఆయన పట్టుదల. దానితో శ్రోతలు మీట తిప్పి లక్సెంబర్గ్ రేడియో పట్టుకునేవారు. అక్కడ వ్యాపార ప్రకటనల మధ్య కోరుకున్న పాటలన్నీ దొరికేవి. 1952లో ఆకాశవాణి సినిమా పాటలను అరికట్టినప్పుడు మన శ్రోతలు రేడియో సిలోన్ వైపు మళ్ళినట్లే ఇదీ జరిగింది. ఇష్టం లేనిది వినిపిస్తే వినేవాడి చేతిలో మీట ఉంటుందని పెద్దలు మరచిపోతూ ఉంటారు.

1939లో యుద్ధం వచ్చింది. లండనులో కెఫే ద పారీ అనే విహారశాల భూమి అడుగున ఉండేది. బాంబులు అక్కడిదాకా రావని అందరి ధీమా. కెన్ జాన్సన్ అనే యువకుడు అక్కడ బ్యాండు నడిపేవాడు. ఆయనది బ్రిటిష్ గయానా. మద్రాసు రేవు నుండి తెలుగువారు కూడా కూలీలుగా వెళ్ళిన దేశమే అది. నల్లజాతి కళాకారులతో ఆయన కూర్చిన బృందాన్ని బి.బి.సి. దేశానికంతటికీ వినిపించింది. 1941 మార్చి 8న బాంబు ఆ శాలలోకే దూసుకువచ్చింది. ముప్పైమందికి పైగా మరణించారు. వారిలో జాన్సన్ ఒకడు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై ఆరు.

సరిగ్గా నలభై రోజులకు అల్ బోలీ వంతు వచ్చింది. మొజాంబిక్‌లో పుట్టి, దక్షిణాఫ్రికాలో పెరిగి, 1920లలో కలకత్తాలో ఒక హోటలు బ్యాండులో కూడా పనిచేసి, చివరకు లండను చేరినవాడు. గొంతెత్తి అరవకుండా, మైకుకు దగ్గరగా నిలబడి చెవిలో చెప్పినట్లు పాడేవాడు. ప్రతి ఇంట్లోనూ ఆ పాట తమ కోసమే అనుకునేవారు. ఏప్రిల్ 16 రాత్రి లండనుకు వెలుపల ఒక ఊరిలో పాడి, అక్కడే ఉండిపోకుండా చివరి రైలు పట్టుకుని ఇల్లు చేరాడు. ఆ రాత్రి ఇంటి ముందు మందుపాతర పేలింది. ఆయనను మరికొందరితో కలిపి సామూహిక సమాధిలో పూడ్చారు.

పాట మాత్రం ఆగలేదు. కర్మాగారాలలో రోజుకు రెండుసార్లు, అరగంటసేపు, పని చేసేవారి కోసం ఎడతెగకుండా బ్యాండు సంగీతం ప్రసారం చేసేవారు. కార్మికులు పనిముట్లతో యంత్రాల మీద దరువు వేస్తారన్న భయంతో చప్పట్ల పాట ఒకదానిని నిషేధించారు! టామీ హ్యాండ్లీ హాస్య కార్యక్రమంలో బకెట్టు చప్పుడుతో తలుపు తోసుకువచ్చే పనిమనిషి మాటలు పిల్లలందరికీ కంఠస్థం. 1949 జనవరి 9న హ్యాండ్లీ చనిపోయాడు. ఆ సాయంత్రం క్రిందటి గురువారపు కార్యక్రమం మళ్ళీ వేశారు. ఆ నవ్వులు ఆగిన వెంటనే మరణవార్త వినిపించింది.

తరువాత బిల్లీ కాటన్ బ్యాండు ఆదివారం మధ్యాహ్న భోజనాలకు తోడయింది. కునుకుపాట్లు పడుతున్న తన బృందాన్ని ‘లేవండి, లేవండి’ అని ఆయన ఒకనాడు గద్దించాడట. ఆ కేకే కార్యక్రమానికి నాంది అయింది. టెలివిజను వచ్చింది, గిటారు బృందాలు వచ్చాయి. ఈ ప్రసారాలకు నిలయమైన లైట్ ప్రోగ్రామ్ 1967 సెప్టెంబరు 30న ముగిసింది.

నాటి ప్రసారాలలో చాలావాటిని ఎవరూ భద్రపరచలేదు. గాలిలో వచ్చినవి గాలిలోనే పోయాయి. బోలీ రికార్డులు నేటికీ దొరుకుతాయి. వాటిలో ఆయన గొంతు చక్కగానే వినిపిస్తుంది. కాని అవి తలుపులు మూసిన గదులలో తీసిన రికార్డులు. సవాయ్ నేల మీద జంటలు వేసిన ఆ అడుగుల చప్పుడు వాటిలో లేదు.