వైద్యుడు ఆగిపోయిన ఊరు

టెక్కలి నుంచి ఐదారు కిలోమీటర్లు వెళితే రావివలస. అక్కడ కొండ చెంత దాదాపు ఇరవై అడుగుల శివలింగం. పైన కప్పు లేదు, గోపురం లేదు. ఎండకు ఎండుతూ వానకు తడుస్తూ ఉంటాడు కనుక సిక్కోలు (శ్రీకాకుళం) జనానికి ఆయన ఎండల మల్లన్న. పూర్వం జమీందార్లు గుడి కట్టించబోతే నిలవలేదనీ, తనకు నీడ వద్దని స్వామి కలలో చెప్పాడనీ ఇక్కడివాళ్లు చెబుతారు.

స్థలపురాణం ఇంకా బాగుంటుంది. రావణ సంహారం అయ్యాక రాముడు అయోధ్యకు బయల్దేరాడు. పరివారంలో వానర వైద్యుడు సుషేణుడూ ఉన్నాడు. ఈ సుమంచ పర్వతం మీది మూలికలు, కింద పల్లెల్లో రోగాలతో తీసుకుంటున్న జనం ఆయన కంటపడ్డారు. ఇక ముందుకు కదల్లేదు. వైద్యం చేసుకుంటూ, శివుడి కోసం తపస్సు చేసుకుంటూ ఇక్కడే ఉండిపోయాడు. కొన్నాళ్లకు రాముడు పంపితే హనుమంతుడు వచ్చి చూశాడు. అప్పటికే సుషేణుడు తనువు చాలించాడు. దేహం మీద జింక చర్మం కప్పి, మల్లెపూలు ఉంచి వెళ్లాడు హనుమంతుడు. రాముడు స్వయంగా వచ్చి చర్మం తొలగిస్తే కింద శివలింగం!

ఈ కథలో నాకు రాముడి రాక కన్నా పెద్ద ఘట్టం వేరే ఉంది. తోటివాళ్లంతా పట్టాభిషేకానికి పోతుంటే ఒక డాక్టరు రోగుల కోసం మనూళ్లో ఆగిపోవడం.

రావివలస నుంచి ఉత్తరంగా పోతే పలాస, కాశీబుగ్గ. అక్కడి నుంచి సముద్రం వైపు వజ్రపుకొత్తూరు, ఉత్తరంగా మందస, సోంపేట, కవిటి. అదంతా ఉద్దానం. కొబ్బరి, జీడి, పనస తోటల నేల. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఒక్క రాత్రిలో ఆ తోటల్ని పడగొట్టింది. కొబ్బరిమొక్క మళ్లీ కాపుకొచ్చేదాకా ఇంటిల్లిపాదీ ఏం తినాలో ఏ లెక్కా చెప్పదు. పలాసలో జీడి పిక్కల్ని ఉడికించి, చెక్క కొట్టి, పొట్టు తీసి, గుండూ బద్దా వేరుచేసే పని ఎక్కువగా ఆడవాళ్లదే. చెక్కలోని నూనె తగిలితే చెయ్యి పొక్కుతుంది, వేళ్లు నల్లబడతాయి. పెళ్లి పాయసంలో తేలే తెల్లటి గుండ్లు ఆ చేతుల మీదుగా వచ్చినవే.

కిడ్నీలు పాడై, అదే చేతికి డయాలసిస్ కోసం ఫిస్టులా (రక్తనాళాలను కలిపే కుట్టు) పెట్టిన ఇళ్లు ఉద్దానంలో ఎన్నో. మోచేతి దగ్గర నరం తాడులా ఉబ్బి ఉంటుంది. దానిమీద వేళ్లు ఆనిస్తే లోపల ఝుమ్మని అదురుతుంది. వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటలు మంచం మీద. అక్షరం రాని ముసలమ్మ కూడా కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ ఎంతుందో గడగడా చెబుతుంది. పెద్దవాళ్లలో దాదాపు ఐదోవంతు మందికి కిడ్నీ జబ్బు ఉందని సర్వేలు తేల్చాయి. షుగరూ బీపీ లేనివాళ్లకూ వస్తోంది. ఎందుకో ఇప్పటికీ తేలలేదు.

ఒకప్పుడు వైద్యానికి విశాఖ రైలెక్కాల్సిందే. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి పైపుల్లో వంశధార నీళ్లు ఊళ్లకు మళ్లించారు. రెండూ ఎంతో ఆలస్యంగా వచ్చిన మేళ్లు. అయితే భవనం రోగం చూడదు. కిడ్నీ డాక్టర్లు పలాసలో కాపురం పెట్టాలి, ఏళ్ల తరబడి ఉండాలి. మందులు వేసుకుంటూనే మల్లన్నకు మొక్కుకునేవాళ్లను నేను తప్పుపట్టను. కార్తీక సోమవారాల్లో రావివలస కిక్కిరిసేది ఊరికే కాదు.

ఈ జబ్బుకు కారణాలపై శాస్త్రవేత్తల అనుమానాల్లో భూగర్భజలం, పురుగుమందులు, నొప్పి బిళ్లలతో పాటు ఎండ కూడా ఉంది. ఎల్ సాల్వడార్, నికరాగువా చెరకు తోటల కూలీలకూ ఇలాంటి జబ్బే వస్తోంది. మండుటెండలో, సరిగా నీళ్లు తాగకుండా గంటల తరబడి చేసే చాకిరీ మీదే అక్కడ ఎక్కువ గురి. ఉద్దానంలోనూ అదే కారణమని ఎవరూ రుజువు చేయలేదు. అయినా తోట పనిలో ఉన్నవాళ్లకు గంటగంటకూ మంచినీళ్లు, మిట్టమధ్యాహ్నం నీడన విశ్రాంతి, ఆ విరామానికి కూలి కోత లేకుండా చూడటం ఈ సీజన్ నుంచే మొదలుపెట్టొచ్చు. అందుకు ఏ పరిశోధనా పూర్తయ్యేదాకా ఆగనక్కర్లేదు.