యుగంధర్ వెంట

పడమటి కనుమల పాదాన ఉన్న రాజపాళయంలో తెలుగు మాట కొన్ని వందల ఏళ్ళుగా వినబడుతున్నది. పూర్వం ఆంధ్రదేశం నుండి తరలివచ్చిన రాజుల ఇళ్ళలో ఇప్పటికీ తెలుగే మాట్లాడుతారు. అయితే గడప దాటితే దుకాణాల బోర్డులు, బస్సుల మీది ఊళ్ళ పేర్లు తమిళంలో ఉంటాయి. అమ్మతో తెలుగులో గలగలా మాట్లాడే పిల్లవాడు కూడా తెలుగు పుట తెరిచేసరికి అక్షరాలు కూడబలుక్కుంటాడు. నోట నిలిచిన భాష కంటికి దూరమవుతున్నది.

అటువంటి పిల్లవాణ్ణి ఆపకుండా చదివించే పుస్తకం ఏది? పెద్దలు భారత భాగవతాల పేర్లు చెబుతారు. అవి ఎత్తయిన మేడలు. వాటిని చేరడానికి మొదటి మెట్టు ఒకటి కావాలి. అపరాధ పరిశోధన నవల అటువంటి మెట్టు కాగలదు.

ఇరవయ్యవ శతాబ్దం తొలి దశాబ్దాలలో బెంగాలీ రచయిత పాంచ్‌కడి దేవ్ నవలలు తెలుగులోకి వచ్చాయి. ఆ తరువాతి తరంలో కొమ్మూరి సాంబశివరావు (1926-1994) డిటెక్టివ్ యుగంధర్‌ను, అతని సహాయకుడు రాజును సృష్టించారు. ‘చావు కేక’, ‘లక్షాధికారి హత్య’ వంటి నవలలు అద్దె పుస్తకాల దుకాణాలలో చేతులు మారుతూ నలిగిపోయాయి. యుగంధర్ ఉండేది మద్రాసులో. తమిళుల నడుమ తెలుగు మాట్లాడే ఆ పరిశోధకుడు రాజపాళయం పిల్లలకు పరాయివాడు కాడు. అదే కాలంలో తమిళ పాఠకులకు తమిళవాణన్ రచనల్లోని శంకర్‌లాల్ ఉన్నాడు.

ఒకే పరిశోధకుని కథలు పదులకొద్దీ చదివినా విసుగు పుట్టదెందుకు? నేరం ప్రతిసారీ కొత్తది; మనిషి మాత్రం పాతవాడే. అతని చూపు, మాటతీరు పాఠకునికి ముందే తెలుసు. తనకు తోచిన ప్రశ్నను సహాయకుడు అడుగుతాడు. పరిశోధకుడు చూసిన ఆధారాలే పాఠకుడూ చూస్తాడు. అయినా నేరస్థుణ్ణి పోల్చుకోలేడు. ఆ పంతమే అతని చేత తరువాతి పుట తిప్పిస్తుంది. తెలియని మాట ఎదురైతే ఆగడు. ముందువెనుకలను బట్టి అర్థం ఊహించుకొని సాగిపోతాడు. ఆధారాలను బట్టి దొంగను పట్టడమూ ఇటువంటి పనే కదా!

ఈ ఆకర్షణ ఎంత బలమైనదో ఆంగ్ల రచయిత కోనన్ డాయిల్‌కు బాగా తెలిసివచ్చింది. 1887లో తాను సృష్టించిన షెర్లాక్ హోమ్స్‌ను ఆయన 1893లో ఒక కథలో చంపివేశాడు. పాఠకులు ఒప్పుకోలేదు. చివరకు 1903లో హోమ్స్‌ను బతికించి తీసుకురాక తప్పలేదు.

ఈ నవలలన్నీ మంచివని చెప్పలేము. తొందరలో రాసినవి, హత్యలతోనే పుటలు నింపినవి కూడా ఉన్నాయి. పాఠం మానుకొని వీటిలో మునగవద్దని పెద్దలు మందలించడంలోనూ న్యాయముంది. కాని చిన్న చిన్న వాక్యాలతో, సంభాషణలతో పరుగెత్తే ఇటువంటి నవలను ఒక్కటైనా తుదిముట్టా చదివిన పిల్లవానికి తెలుగు పుట అంటే బెదురు పోతుంది. దొంగ ఎవరో తెలుసుకోవాలని పరుగెత్తినవాడు, తాను ఎన్ని వందల పుటల తెలుగు చదివాడో గమనించనే గమనించడు. ఆ తరువాత పెద్ద పుస్తకాన్ని చేతికిచ్చినా వెనుకాడడు.